పీవీసీ పైపును మడత పడకుండా వంచడం ఎలా?

మా మిద్దె మీద కాకర పాదుకు వేసిన కమానును చూసినవాళ్లెవరూ కాకరకాయల సంగతి అడగరు. వంపు దగ్గర చెయ్యేసి తడిమి, "ఇది నొక్కుకుపోకుండా ఎలా వంచారండీ? మేం వంచితే కొబ్బరిబోండం స్ట్రాలాగా మధ్యలో మడత పడింది" అంటారు. చాలామందికి నోటితోనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క మర్చిపోతాను, వాళ్లు ఇంటికెళ్లి సరిగ్గా అక్కడే పైపు పాడుచేసుకుంటారు. అందుకే ఈసారి కొలతలతో సహా రాసిపెడుతున్నాను.

ఉదాహరణకు ఆ కమానునే తీసుకుందాం. 25 మి.మీ. పైపు, 3 మీటర్ల పొడవు, రెండు మూలల్లో గుండ్రటి వంపు. ఇది చేతికి వస్తే దోమతెర ఫ్రేము, బట్టల స్టాండు, పిల్లల గోల్‌పోస్టు ఏదైనా చేసుకోవచ్చు. మారేవి కొలతలే.

ఇంత శ్రమ అవసరమేనా అని ముందు చూసుకోండి. మీకు కావాల్సింది ఒకే ఒక్క మూల అయితే ఎలక్ట్రికల్ షాపులో రెడీమేడ్ బెండు దొరుకుతుంది, అంటించేస్తే పని అయిపోతుంది. నేను వంచడానికి కారణం జాయింట్లు. తీగ బరువుకీ గాలికీ పైపు రోజూ ఊగుతుంటుంది, ముందు వదులయ్యేది అంటించిన చోటే. అలాగే పెద్ద అర్ధచంద్రాకారం కావాలన్నా వేడి చేయనక్కర్లేదు. 20 మి.మీ. పైపు 3 మీటర్లది తీసుకుని, సుమారు 190 సెం.మీ. దూరంలో రెండు ఇనుప ఊచలు పాతి, చెరో కొస తొడిగితే అది చల్లగానే కమాను అయిపోతుంది. వేడి కావాల్సింది బిగువైన వంపులకే.

ఇంకో మాట. మోటారు నుంచి ట్యాంకుకు వెళ్లే లైనుకు గానీ, ప్రెజర్ ఉండే ఏ నీళ్ల లైనుకు గానీ ఇలా వంచిన పైపు వాడొద్దు. వంపు బయటి వైపు పైపు గోడ సాగి పలచబడుతుంది. అక్కడ ఎల్బోనే పెట్టండి.

ఏ పైపు కొనాలి

కరెంటు వైరింగ్‌కి వాడే కండ్యూట్ పైపు ఈ పనికి అన్నిటికంటే అనువైనది. లైట్, మీడియం, హెవీ అని మూడు రకాలుంటాయి. మీడియం తీసుకోండి. లైట్ చవకే గానీ గోడ పలచన, చూస్తుండగానే నొక్కుకుపోతుంది. హెవీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, మొదటిసారి చేసేవాళ్లకు ఓపిక చచ్చిపోతుంది.

నీళ్ల పైపులైతే తెల్లటి యూపీవీసీ వంగుతుంది. మీగడ రంగులో ఉండే సీపీవీసీ, అంటే గీజర్ వేడినీళ్ల లైనుకు వేసేది, దీనికి పనికిరాదు. వేడిని తట్టుకోవడానికే దాన్ని తయారుచేశారు, తొందరగా మెత్తబడదు. డ్రిప్‌కి వాడే నల్ల పైపు అసలు పీవీసీయే కాదు, పాలిథిన్. దాని జోలికి పోకండి.

కొలతలు చూసుకునేటప్పుడు ఒక తిరకాసు ఉంది. కండ్యూట్ మీద 25 మి.మీ. అని ఉంటే అది బయటి వ్యాసం. నీళ్ల పైపును మాత్రం "ముప్పావు అంగుళం" అంటారు గానీ, దాని బయటి వ్యాసం దాదాపు 27 మి.మీ. ఉంటుంది. రెండిటినీ కలిపి ఏదైనా కట్టాలనుకుంటే స్కేలు పెట్టి కొలవండి, పేరును నమ్మొద్దు.

పాత ఇల్లు పడగొట్టినచోట ఏరుకొచ్చిన పైపులు కూడా వంగుతాయి. కానీ ఎండకు ఏళ్ల తరబడి ఉన్నవి పెళుసుగా మారి, వేడి చేసినా పగుళ్లిస్తాయి. పైగా పాత పైపుల్లో సీసం కలిసిన స్టెబిలైజర్లు, అంటే పీవీసీ వేడికి పాడవకుండా కలిపే రసాయనాలు, వాడేవారు. కేంద్ర ప్రభుత్వం దాన్ని కట్టడి చేస్తూ నిబంధనలు తెచ్చింది 2021లోనే. ఊరూపేరూ తెలియని పాత పైపును వేడి చేయడం, గీకి దుమ్ము రేపడం వద్దు.

కావాల్సినవి

- 25 మి.మీ. మీడియం కండ్యూట్, 3 మీటర్లది ఒకటి. ప్రాక్టీసుకు అదే పైపు ముక్క ఒక అడుగున్నర
- జల్లెడ పట్టిన ఎండు ఇసుక, రెండు కిలోలు
- హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే కరెంటు పనిముట్టు, 1500 నుంచి 2000 వాట్లది. కొనక్కర్లేదు, పనిముట్లు అద్దెకిచ్చే చోట అడగండి
- గుడ్డ పీలికలు, ఇన్సులేషన్ టేపు, గరాటు
- 27 లేదా 28 సెం.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి డబ్బా
- మందపాటి తోలు లేదా కాటన్ చేతి తొడుగులు. పలచటి రబ్బరువి వద్దు
- కొలత టేపు, మార్కరు, ఆక్సా బ్లేడు, తడిపిన పాత తువ్వాలు, బకెట్ నీళ్లు
- సాయానికి ఒక మనిషి

హెయిర్ డ్రయ్యర్‌తో అవుతుందా అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. అవ్వదు. ఆ వేడి సరిపోదు, డ్రయ్యర్ కాస్తా పోతుంది.

డబ్బా సంగతికొస్తే, మా ఇంట్లో సరిగ్గా కుదిరింది స్టీలు బియ్యం డబ్బా. ఇంట్లో అడిగి తీసుకోండి. నేను అడక్కుండా తీసుకుని ఇసుక అంటిన డబ్బా తిరిగి పెట్టాను, ఆ రోజు జరిగింది ఇక్కడ అప్రస్తుతం.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. హాయిగా వంగేది 110 నుంచి 130 డిగ్రీల మధ్య. 200 దాటితే రంగు మారి, ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వదులుతుంది. కళ్లు, గొంతు మండుతాయి. హీట్ గన్ మూతి దగ్గర గాలి 300 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే చేతిలో ఉన్నది పైపును వంచగల పనిముట్టే గాక, కాల్చేయగల పనిముట్టు కూడా. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

కాబట్టి మిద్దె మీదో పెరట్లోనో చేయండి, గాలి మీ వెనక నుంచి పైపు వైపు వీచేలా నిలబడండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. వేడి పైపు చూడ్డానికి చల్లటి పైపులాగే ఉంటుంది. చర్మం కాలితే 20 నిమిషాల పాటు కుళాయి ధార కింద పెట్టండి, టూత్‌పేస్టు, సిరా లాంటివి పూయకండి.

గ్యాస్ స్టవ్ మంట మీద నేరుగా పెట్టడం, గడ్డి మంటలో కాల్చడం వద్దే వద్దు. చేలల్లో రైతులు పైపు మూతిని మంటలో కాచి, రెండో పైపును అందులోకి తోసి జాయింట్ వేయడం మీరు చూసే ఉంటారు. వాళ్లది ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన పని, మూతి ఎంతసేపు తిప్పాలో కళ్లకే తెలుసు. అయినా ఆ పొగ వాళ్లకూ మంచిది కాదు.

పని వరుస

1. గీత గీయండి. అన్నిటికంటే ముందు పైపు పొడవునా ఒక చివర నుంచి రెండో చివరకు ఒకే తిన్నటి గీత. పైపు మీద కంపెనీ అక్షరాలు వరుసగా ఉంటే ఆ వరుసనే గుర్తుగా వాడుకోవచ్చు. ఇదెందుకో రెండో వంపు దగ్గర తెలుస్తుంది. నేను మొదటిసారి గీయలేదు. రెండు వంపులూ విడివిడిగా అద్భుతంగా వచ్చాయి. నేల మీద పెడితే ఒక కాలు తూర్పుకి, ఒక కాలు ఈశాన్యానికి తిరిగి ఉంది.

2. కొలతలు పెట్టండి. మన కమాను వెడల్పు 90 సెం.మీ., వంపు వ్యాసార్ధం 15 సెం.మీ. వ్యాసార్ధాన్ని 1.57తో గుణిస్తే 90 డిగ్రీల వంపుకు పట్టే పొడవు వస్తుంది. ఇక్కడ అది 23.5 సెం.మీ. పైపు ఒక కొస నుంచి 96.5, 120, 180, 203.5 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టండి. 96.5 నుంచి 120 వరకు మొదటి వంపు, 120 నుంచి 180 వరకు తిన్నగా పై కమ్మీ, 180 నుంచి 203.5 వరకు రెండో వంపు. మిగిలిన రెండు ముక్కలూ కాళ్లు. ఎత్తు సుమారు 111 సెం.మీ. వస్తుంది. కొలిచే ముందు పైపు నిజంగా 3 మీటర్లు ఉందో లేదో చూసుకోండి, రెండు మూడు సెం.మీ. తేడా ఉంటే కాళ్లలో సర్దేయండి. వ్యాసార్ధం ఎంత తక్కువ పెట్టొచ్చంటే, పైపు వ్యాసానికి నాలుగు రెట్లకు తగ్గొద్దు. మొదటిసారి చేసేవాళ్లు ఆరు రెట్లకు తగ్గకపోతే మంచిది.

3. ఇసుకను ఎండబెట్టండి. "ఎండుగానే ఉందిలే" అనుకోకండి. ఇసుక కుప్పలో పైన ఎండినా లోపల తడి ఉంటుంది. రెండు రోజులు రేకు మీద పలచగా ఆరబెట్టండి, లేదా పాత బాండీలో వేయించండి. పిడికిట్లో బిగించి వదిలితే ఒక్క గింజ కూడా అంటుకోకుండా జారిపోవాలి. తడి ఇసుకను మూసిన పైపులో వేడి చేస్తే ఆవిరి పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. నాకు ఒకసారి గుడ్డ బిరడా టప్పున ఎగిరి పక్కింటి పిట్టగోడకు తగిలింది. వేడి ఇసుక మొహం మీదకు రాలేదు, అదృష్టం.

4. నింపండి. ఒక కొసకు గుడ్డ పీలిక గట్టిగా కుక్కి, పైన టేపు చుట్టండి. పైపును మెట్ల దగ్గర నిలువుగా పెట్టుకుంటే మూడు మీటర్ల ఎత్తు అందుతుంది. గరాటుతో ఇసుక పోస్తూ కర్రతో పైపును చుట్టూ తడుతూ ఉండండి. నిండిందనుకున్నాక ఇంకో రెండు నిమిషాలు తట్టండి, ఇసుక అరచేయంత దిగుతుంది. మళ్లీ పోయండి. దిగడం ఆగేదాకా ఇదే పని. తర్వాత పై కొస కూడా గుడ్డతో బిగించండి. క్యాపు పెట్టి గమ్ముతో అంటించేయకండి, లోపల గాలి వ్యాకోచిస్తే బయటికి దారి ఉండాలి.

5. డబ్బాను కదలకుండా పెట్టండి. చదునైన గచ్చు మీద డబ్బాను బోర్లించి, మీద ఇటుకలో బియ్యం బస్తానో పెట్టండి. చుట్టూ ఒక పొర గోనె గుడ్డ చుట్టండి. చల్లటి స్టీలు తగిలి పైపు లోపలి వైపు ఒక్కసారిగా గట్టిపడకుండా ఉంటుంది. చెక్క పని వచ్చినవాళ్లు ప్లైవుడ్‌ను గుండ్రంగా కోసి అచ్చు చేసుకుంటే ఇంకా మంచిది. వ్యాసార్ధం 13.7 సెం.మీ. పెట్టండి, పైపు సగం మందం కలిస్తే 15 అవుతుంది.

6. వేడి చేయండి. పైపును రెండు ఇటుకల మీద, వంగాల్సిన భాగం మధ్యలో ఖాళీగా ఉండేలా పడుకోబెట్టండి. 96.5 నుంచి 120 గుర్తుల మధ్యే కాకుండా అటూ ఇటూ ఇంకో మూడు సెం.మీ. కలుపుకోండి. గన్‌ను పైపుకు ఐదు నుంచి ఎనిమిది సెం.మీ. దూరంలో పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు ఆపకుండా ఆడించండి. దోసె పెనం మీద నూనె చీపురుతో తిప్పినట్టు అనుకోండి, ఒక్కచోట నిలవకూడదు. సాయానికి ఉన్న మనిషి పైపును నెమ్మదిగా దొర్లిస్తూ ఉండాలి.

   ఎంతసేపు? ఇసుక వేడిని లాక్కుంటుంది కాబట్టి ఐదు నిమిషాలు పట్టొచ్చు, పది కూడా పట్టొచ్చు. గడియారం చూడకండి, పైపును చూడండి. మొదట పైన చిన్న నిగనిగలాడే మెరుపు వస్తుంది. అప్పుడే వంచాలనిపిస్తుంది. ఆగండి, అది పై చర్మం మాత్రమే. ఇంకా వేడి చేస్తూ ఉంటే ఇటుకల మధ్య భాగం తన బరువుకు తానే కొంచెం కిందికి జారుతుంది. తొడుగు వేసిన బొటనవేలితో తాకితే సైకిల్ ట్యూబులా ఉంటుంది. అదీ సమయం. వంచడానికి చేతి బలం వాడాల్సి వచ్చిందంటే పైపు ఇంకా వేడెక్కలేదని అర్థం.

7. వంచండి. గన్ ఆపి పక్కన పెట్టి, 96.5 గుర్తును డబ్బాకు ఆనించండి. సాయం మనిషి ఆ వైపు కాలిని గచ్చుకు నొక్కి పట్టుకుంటారు. మీరు రెండో వైపును కొద్దిగా బయటికి లాగుతూ, డబ్బా చుట్టూ ఒకే ఊపులో నెమ్మదిగా తిప్పండి. ఆ కొద్దిపాటి లాగుడు ముఖ్యం, లేకపోతే లోపలి వైపు చీర కుచ్చిళ్లలా ముడతలు వస్తాయి. 90 దగ్గర ఆపకుండా మరో నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వంచండి, వదిలాక అంత వెనక్కి వస్తుంది.

8. పట్టుకుని ఉండండి. తడి తువ్వాలు వంపు మీద వేసి, దాని మీద నీళ్లు చల్లుతూ ఉండండి. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. పైన చెయ్యి పెడితే రెండు నిమిషాల్లో చల్లగా తగులుతుంది, కానీ లోపల ఇసుక ఇంకా కాగుతూనే ఉంటుంది. వదిలేస్తే అది పైపును మళ్లీ మెత్తబరచి వంపును తెరుస్తుంది. పావుగంట ఆగండి. పట్టుకుని కూర్చోలేకపోతే రెండు వైపులా ఇటుకలు అడ్డుపెట్టండి.

9. రెండో వంపు. ఇసుక తీయకండి. మొదటి కాలు గచ్చుకు పూర్తిగా ఆనేలా పైపును పడుకోబెట్టి, మీరు గీసిన పొడవాటి గీత రెండో వంపు దగ్గర కూడా మొదటి వంపులో ఉన్న దిక్కుకే, అంటే అక్కడ పైకి ఉంటే ఇక్కడా పైకి, ఉందో లేదో చూడండి. 180 నుంచి 203.5 వరకు అదే వరుస. వేడి చేసేటప్పుడు మాత్రం మొదటిసారిలా దొర్లించలేరు, మొదటి కాలు అడ్డుపడుతుంది. అందుకని గన్‌నే పైపు చుట్టూ తిప్పండి, కింది వైపు మర్చిపోకుండా.

10. ఇసుక దులపండి. పూర్తిగా చల్లారాక బిరడాలు తీసి, కర్రతో తడుతూ ఇసుక రాల్చండి. వంపు దగ్గర ఇరుక్కుంటే నీళ్లు పోసి కడిగేయండి.

హీట్ గన్ లేనివాళ్లకు

ఎలక్ట్రీషియన్లు వాడే బెండింగ్ స్ప్రింగ్ ఇసుకకు మంచి ప్రత్యామ్నాయం. పైపు సైజుకు సరిపోయేది అడిగి తీసుకోండి, 20కి తీసుకున్నది 25కి పనికిరాదు. దాని కొసకు గట్టి నవారు తాడు కట్టి లోపలికి దించండి, తాడు లేకుండా దించితే అది ఇక బయటికి రాదు. వంచాక తీసేటప్పుడు స్ప్రింగ్‌ను దాని చుట్టు బిగుసుకునే దిక్కుకు మెలితిప్పి లాగితే సన్నబడి జారుతుంది. 20 మి.మీ. కండ్యూట్ అయితే గుడ్డతో గట్టిగా రుద్ది కాస్త వెచ్చబరచి, మోకాలి మీద పెట్టి వంచేస్తారు వాళ్లు. వెడల్పాటి వంపులకు అది చాలు.

మరిగే నీళ్లు 100 డిగ్రీలే కాబట్టి లైట్ రకం 20 మి.మీ. పైపు కొసలకు, ఆరేడు అంగుళాల లోపు పనికి బాగానే ఉంటుంది. లోతైన గిన్నెలో కొసను ముంచి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. మందపాటి పైపులకు దీంతో కుస్తీ పట్టొద్దు.

ఇసుకనే బాండీలో కాచి పైపులో పోసే పద్ధతి ఒకటుంది. అడుగు, అడుగున్నర ముక్కలకు బాగా కుదురుతుంది, పైపు అంతటా ఒకేలా మెత్తబడుతుంది. పోసే ముందు ఆ ఇసుకలో చిన్న పైపు ముక్క గుచ్చి ఒక నిమిషం చూడండి. మెత్తబడి రంగు మారకపోతే సరే. పసుపు పచ్చగా మారితే బాండీ దించి ఆగండి. వేడి ఇసుక పోసేటప్పుడు కింద గుడ్డ బిరడా జారే ప్రమాదం ఉంది కాబట్టి పైపు కొసను ఇసుక నింపిన డబ్బాలో గుచ్చి నిలబెట్టండి, పాదాలకు బూట్లు వేసుకోండి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ గన్‌తో ఇసుక వేడి కొలవచ్చేమో అనుకోకండి, అది ఒంటి వేడి చూడటానికి చేసింది, ఇంత వేడికి పనికిరాదు.

తప్పు ఎక్కడ జరిగిందో పైపే చెబుతుంది

వంపు మధ్యలో మడత పడితే లోపల ఇసుక వదులుగా ఉంది, లేదా లోపలి వరకు వేడెక్కలేదు. సగానికి సగం కేసులు ఇవే.

బయటి వైపు తెల్లటి చారలు వస్తే చల్లారుతున్న పైపును బలవంతంగా లాగారు. అక్కడ పీవీసీ చీలడానికి సిద్ధంగా ఉంది, ఎండలో పెడితే ఏడాది నిలవడం కష్టం.

లోపలి వైపు ముడతలు వస్తే బయటికి లాగడం మర్చిపోయారు, లేదా వంపు మరీ బిగువైంది.

లేత పసుపు మరక అంటే గన్ ఒక్కచోట నిలిచింది. చిన్న మరకైతే తీగ మోసే కమానుకు ఫర్వాలేదు. గోధుమ రంగో నలుపో వస్తే ఆ ముక్క కోసి పారేయండి, అది ఇక పెళుసే.

వంపు రెండు చివర్లలో మూలలు తేలి మధ్య తిన్నగా ఉంటే, అంచులు ఎక్కువ వేడెక్కి మధ్య తక్కువ వేడెక్కిందని. గన్‌ను కొసల దగ్గర తిప్పేటప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, ఆ క్షణమే ఇది.

మంచి సంగతేంటంటే, రంగు మారనంతవరకు వీటిలో చాలావాటిని సరిదిద్దుకోవచ్చు. పీవీసీకి పాత రూపం గుర్తుంటుంది. మడత పడ్డ చోట ఇసుక నింపే ఉంచి మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే, పైపు దానంతటదే తిన్నబడటానికి చూస్తుంది, నొక్కు కూడా చాలావరకు పూడుతుంది. పట్టుకుని తిన్నగా చల్లార్చి, మొదటి నుంచి మొదలుపెట్టండి. రెండుసార్లు సరే. మూడోసారికి కొత్త పైపే నయం. తెల్లచారల పైపును మాత్రం ఇలా కాపాడాలని చూడకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

కోణానికి తాపీ మేస్త్రీ మూలమట్టం ఉంటే అదే వాడండి. లేకపోతే టైల్స్ గచ్చు మీద పెట్టండి, గీతల మూల మీద రెండు కాళ్లూ గీతల వెంట పడాలి. అదే గచ్చు మీద మెలి కూడా తెలిసిపోతుంది. కమానును పడుకోబెట్టి ఒక కాలు నొక్కితే రెండోది పైకి లేవకూడదు. లేస్తే ఒక్క వంపునే మళ్లీ వేడి చేసి, గచ్చుకు నొక్కి చల్లార్చండి.

గుండ్రతనానికి ఒక అట్టముక్కలో 25 మి.మీ. వెడల్పు గాడి కోసి, పైపు తిన్నటి భాగం మీద బిగువుగా పడుతుందో చూసుకోండి. ఇప్పుడు దాన్ని వంపు పక్క నుంచి తోస్తూ రండి. పైపు చపటగా మారిన చోట అడ్డంగా సాగి ఉంటుంది, గాడి అక్కడ ఎక్కదు. రెండు మి.మీ. తేడా వరకు పట్టించుకోనక్కర్లేదు. లోపల వైరు లాగే ఉద్దేశం ఉంటే గోళీ పరీక్ష చేయండి. మామూలు గోళీని ఒక కొసలో వేసి పైపును అటూ ఇటూ వాలిస్తే గలగలమంటూ రెండో కొస నుంచి బయటపడాలి. మధ్యలో చప్పుడు ఆగిందంటే అక్కడ నొక్కుంది. పిల్లలకు ఈ పరీక్ష అప్పగిస్తే సాయంత్రం దాకా చేస్తూనే ఉంటారు.

చివరిది ఎండ పరీక్ష. కాళ్ల కొసల మధ్య దూరం కొలిచి రాసుకుని, కమానును ఒక రోజంతా మిద్దె మీద ఎండలో పడేయండి. వేసవిలో గచ్చు కాలు పెట్టలేనంత కాలుతుంది, సరిగ్గా చల్లార్చని వంపు ఆ వేడికి తెరుచుకుంటుంది. మర్నాడు కొలిస్తే సెంటీమీటరు తేడా ఉంటే బిగించేటప్పుడు సర్దుకుంటుంది. ఐదారు సెం.మీ. తెరుచుకుంటే వంపును మళ్లీ వేడి చేసి ఎనిమిదో మెట్టు చేయాలి. నా మొదటి కమానుకు ఇదే జరిగింది. పొద్దున్నే ముచ్చటగా నిలబెట్టాను, సాయంత్రానికి కాళ్లు చాపుకుని కూర్చుంది.

నిలబెట్టేటప్పుడు

రెండు పాత పెయింట్ బకెట్లలో కాంక్రీటు పోసి, ఒక్కోదాంట్లో 12 మి.మీ. ఇనుప ఊచను ఒకటిన్నర అడుగు పైకి ఉండేలా నిలపండి. గట్టిపడ్డాక కమాను కాళ్లు ఆ ఊచల మీద తొడగండి. ఊచల మధ్య దూరం 90 సెం.మీ. ఉండాలి. ఎక్కువ తక్కువలు పెట్టి పైపును బలవంతంగా తొడిగితే ఆ బిగువంతా వంపుల మీదే పడుతుంది. గాలివానల కాలంలో కమానును పిట్టగోడకు ఒక తాడుతో కట్టేయండి.

తెల్ల పైపు కదా అని అలాగే వదిలేయకండి. వైరింగ్ పైపు గోడలో ఉండటానికి చేసింది, ఎండను ఏళ్ల తరబడి తట్టుకోవడానికి కాదు. ఉప్పు కాగితంతో నునుపు పోయేలా కొద్దిగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేత రంగు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు వేయండి. ముదురు రంగు వేస్తే వేడెక్కి మెత్తబడుతుంది.

కోయగా మిగిలిన ముక్కలు చెత్తలో వేయండి గానీ చలిమంటలోకో భోగిమంటలోకో విసరకండి, ఆ పొగ ఎవరి ఒంటికీ మంచిది కాదు. ఇసుకను మాత్రం మూత ఉన్న డబ్బాలో దాచుకోండి, మళ్లీ ఎండబెట్టే పని తప్పుతుంది. బియ్యం డబ్బాలో కాదు.